ఊదు బరువు

అరవింద్ చిప్‌ల డబ్బా మూత తీసి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏదో పొగ వాసన వస్తోంది, మీకు తెలుస్తోందా అని సకీనాను అడిగాడు. ఆమె కూడా వంగి వాసన చూసింది. ఏమీ తెలియలేదు. ఆ మాటే చెప్పింది. కింద లేత్‌ల నూనె వాసన అయివుంటుందని అతను మూత పెట్టేశాడు.

తర్వాత ఆమె ఆ సంగతి చాలాసార్లు తలచుకుంది. అప్పుడు తాను చెప్పింది నిజమే. నిజంగానే తనకు వాసన రాలేదు.

సకీనాది శంషాబాద్ పాత ఊరు. ఇంటర్ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, బస్టాండ్ పక్క రక్త పరీక్షల కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేసింది. ముసలివాళ్ల చేతుల్లో ఇంకెవరికీ దొరకని నరం ఆమెకు దొరికేది. ఆ కేంద్రం మూతపడ్డాక, కాటేదాన్‌లో కొత్తగా పెట్టిన ఒక చిన్న ల్యాబ్‌లో మనిషి కావాలని తెలిసి వెళ్లింది. చెయ్యి వణకనివాళ్లు కావాలన్నాడు ల్యాబ్ పెట్టిన అరవింద్. అతనిది తెనాలి వైపు, బెంగళూరులో పరిశోధన చేసి వచ్చాడు. మనుషులతో మెల్లగా మాట్లాడేవాడు. కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడేవాడు.

ల్యాబ్ అంటే పెద్దదేమీ కాదు. కింద బుచ్చయ్య లేత్ షెడ్డు, పక్కనుంచి ఇనుప మెట్లు, పైన రెండు గదులు. ఆ గదుల్లో పనంతా చిప్‌ల చుట్టూ తిరిగేది. ఒక్కో చిప్ చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాని మీద వెంట్రుకకన్నా సన్నటి వంతెనలు, రెండు కొసలూ అంటుకుని, నడుమ గాలిలో నిలిచి ఉంటాయి. మామూలు కంటికి కనిపించవు. వాటిని కదిలిస్తే కంపిస్తాయి, ఎంత వేగంగా కంపిస్తున్నాయో యంత్రం చెబుతుంది. పరీక్షించాల్సిన ప్లాస్టిక్‌ను వాటి మీద పలచటి పొరగా చల్లుతారు. వంతెన బరువెక్కి నెమ్మదిస్తుంది. తర్వాత ఎంజైమ్ కలిపిన నీళ్లలో పెడతారు. మట్టిలో పురుగూ బూజూ చేసే పనిని ఆ ఎంజైమ్ చేస్తుంది. అది పొరను తిన్నకొద్దీ వంతెన తేలికై మళ్లీ వేగం పుంజుకుంటుంది. నేలలో నెలలు పట్టే సంగతి ఇక్కడ ఒక పూటలో తేలుతుంది.

ఇంట్లో ఎవరైనా అడిగితే సకీనా దండెం చూపించి చెప్పేది. తడి బట్టలున్నప్పుడు తీగ ఎట్లా ఊగుతుంది, బట్టలు తీశాక ఎట్లా ఊగుతుంది, అదే మా పని.

ఆ ఏడు వానలు తగ్గే రోజుల్లో వాళ్ల చేతిలో ఉన్నది నిర్మల గారి పని. రెండు గల్లీల అవతల ఆమె చిన్న ఫ్యాక్టరీ. మొక్కజొన్న పిండి నుంచి తీసిన సరుకుతో మల్చింగ్ షీట్లు తయారుచేస్తుంది. కూరగాయల రైతులు బోదెల మీద షీటు పరిచి, దానికి రంధ్రాలు పెట్టి నారు నాటుతారు. కలుపు రాదు, తడి ఆరదు, కాయ మట్టికి తగలదు. మామూలు ప్లాస్టిక్ షీటైతే పంట అయ్యాక ముక్కలై నేలలోనే పడివుంటుంది. నిర్మల గారి షీటు పంట కోతదాకా నిలిచి, ఆ తర్వాత నేలలో కలిసిపోవాలి. ముందే పోతే పంట చెడుతుంది, పోకపోతే నేల చెడుతుంది. ఆ మధ్య గీత ఎక్కడుందో చెప్పడమే ల్యాబ్ పని.

ల్యాబ్ చెప్పింది ఏమిటంటే, షీటు చాలా నెమ్మదిగా కరుగుతోంది. ఎన్నిసార్లు చేసినా అదే వచ్చింది. నిర్మల గారు నిరాశపడి, త్వరగా కరిగే సరుకు ఎక్కువ కలపాలని నిర్ణయించుకున్నారు. అట్లా మార్చిన మొదటి చుట్టలు శంషాబాద్ అవతల జంగయ్య అనే రైతు పొలానికి పోవాలి. అరవింద్ డబ్బా వాసన చూసిన శనివారానికి సంగతి అక్కడిదాకా వచ్చింది.

ఆ సాయంత్రం సకీనా ఆరామ్‌ఘర్‌లో బస్సెక్కింది. గగన్‌పహాడ్ దాటాక, పక్కన కూర్చున్న ఆమె ఒడిలో పిల్లను సర్దుకుంటూ పలకరించింది.

"పహాడీ షరీఫ్ పోయొస్తున్నవా అక్కా? ఊదు వాసన మంచిగొస్తుంది."

లేదు, పనికి పోయొస్తున్న అంది సకీనా. ఇట్లాంటి మాట ఆమెకు కొత్త కాదు. బడిలో ఆమెను ఊదు పిల్ల అనేవాళ్లు. రక్తం ఇవ్వడానికి వచ్చిన ముసలమ్మలు ఆమె దుపట్టా పట్టుకుని, దర్గాలో ఉన్నట్టుంది బిడ్డా అనేవాళ్లు. ఆ వాసన ఎట్లా ఉంటుందో ఆమెకు మాత్రం తెలియదు. పుట్టినప్పటి నుంచి అందులోనే ఉంది. చేప నీళ్ల వాసన చూడనట్టు.

బస్సు శంషాబాద్ చేరేలోగా డబ్బా సంగతి ఆమెకు అర్థమైంది.

ఆమె తండ్రి విలాయత్ అలీ ఊదు వేసే మనిషి. కుర్రతనంలో పహాడీ షరీఫ్ దర్గా మెట్ల దగ్గర కూర్చునే ఒక ఉస్తాద్ దగ్గర ఆ పని నేర్చుకున్నాడు. మిగతా రోజులు ఇళ్లకు సున్నాలు వేసేవాడు. బేస్తారం, అంటే గురువారం వస్తే మాత్రం సున్నపు చేతులు కడుక్కుని, ఇత్తడి ఊదుదానీ, నెమలీకల కుంచె తీసుకుని కాటేదాన్ పోయేవాడు. చౌరస్తా చాయ్ హోటల్ పొయ్యిలోంచి నిప్పులు అడిగి ఊదుదానిలో వేసుకుని, లోబాన్ అనే సాంబ్రాణి పొడి చల్లి, షెడ్డు షెడ్డుకూ తిరిగేవాడు. లేత్‌లవాళ్లు, రబ్బరువాళ్లు, బిస్కట్ల మిషన్లవాళ్లు, హిందువులూ ముస్లింలూ అందరూ బాబా రా అని పిలిచేవాళ్లు. యంత్రం చుట్టూ పొగ తిప్పితే దిష్టి పోతుందని నమ్మకం. సున్నం పని వయసు మీద పడి మానేశాడు. బేస్తారం మానలేదు.

భార్య పోయాక ఆయనకు మరుపు మొదలైంది. సకీనా తన భర్త ఆకిఫ్‌తో సహా వచ్చి తండ్రి దగ్గరే ఉంటోంది. ఆయన పక్కింటివాళ్ల పేర్లు మరిచిపోయేవాడు. పొద్దున తిన్నానా లేదా అని అడిగేవాడు. వారంలో రోజులన్నీ ఆయనకు ఒకటే అయిపోయాయి, ఒక్క బేస్తారం తప్ప. ఆ రోజు ఎవరూ లేపకుండానే లేచి, ఊదుదాని బూడిదతో తోమి, కుంచె దులుపుకుని వాకిట్లో నిలబడేవాడు. దారి తప్పేవాడు కాదు. ఏ షెడ్డులో ఏ మూల ఏ మిషన్ ఉందో ఆయన కాళ్లకు తెలుసు.

ల్యాబ్ మెట్లు ఎక్కించింది మాత్రం సకీనాయే. మొదట్లో యంత్రం మాటిమాటికీ ఆగిపోయేది. అరవింద్ బెంగళూరు నుంచి ఏదో భాగం తెప్పిస్తున్నాడు. ఎట్లాగూ కిందికి వస్తావు, జర మా మెట్ల దాకా రా అని ఆమె తండ్రిని అడిగింది. ఆయన వచ్చి పై తలుపు దగ్గర నిలబడి ఊదు వేశాడు. ఆ వారమే భాగమూ వచ్చింది, యంత్రమూ నడిచింది. సకీనాకు తెలుసు ఎందుకు నడిచిందో. బుచ్చయ్య మాత్రం గల్లీ అంతా వేరే విధంగా చెప్పాడు. విలాయత్ అలీ కూడా అదే అనుకున్నాడు, కూతురు కాదనలేదు. అప్పటి నుంచి ప్రతి బేస్తారం పై తలుపు దాకా ఎక్కేవాడు. ఆ రోజు అరవింద్ రాజేంద్రనగర్‌లో మట్టి పరీక్షలవాళ్ల దగ్గరికి పోయేవాడు కాబట్టి ఈ సంగతి అతని కంట పడలేదు.

చిప్‌ల మీద పొర చల్లేది కూడా బేస్తారమే. చల్లాక మూత లేకుండా పళ్లెంలో ఆరబెడతారు. ద్రావకం ఆవిరి పోవడానికి గోడకు పెద్ద ఫ్యాన్ ఉంది. అది గదిలోని గాలిని బయటికి తోస్తుంటే, కొత్త గాలి తలుపు సందులోంచి లోపలికి వస్తుంది. తలుపవతల ఊదు. లోబాన్ పొగలో జిగురుంటుంది. అది తడి పొర మీద కూర్చుంటే ఎంజైమ్‌కు దారి ఉండదు. అంకెలు నెమ్మదిగా వచ్చింది షీటు కరగక కాదు, ఎంజైమ్ దాన్ని చేరక. అట్లాగైతే త్వరగా కరిగేలా మార్చిన షీటు కోతకు ముందే పోతుంది.

ఇంటికొచ్చి ఆకిఫ్‌కు చెప్పింది. అతను ఎయిర్‌పోర్ట్ దగ్గర క్యాబ్ నడుపుతాడు. మొదట నవ్వాడు. "నా కారుకు కూడా బేస్తారం బేస్తారం ఊదు పడుతనే ఉన్నది. దానికేం జలుబు చేసింది?" అన్నాడు. ఆమె నవ్వకపోయేసరికి కాసేపు ఆలోచించాడు. మామకు మెట్లెక్కొద్దని చెప్పమన్నాడు. సార్‌కు చెప్పొద్దన్నాడు. ఒక మాటతో పోయేదాన్ని రెండు మాటలు చేయొద్దన్నాడు.

ఆమెకూ అదే సులువనిపించింది. మర్నాడు తండ్రితో, మోకాళ్లు నొస్తున్నాయి గదా, ఇకనుంచి కిందనే వేసి పో అంది. ఇంట్లో వాళ్లు దక్కనీ, తెలుగూ కలిపే మాట్లాడుకుంటారు. ఆయన నవ్వి, "మెట్లు నేను ఎక్కుతున్ననా బేటీ, ఊదు ఎక్కుతది. దాని ఎంబడి నేను పోత," అన్నాడు. తర్వాత సరేనన్నాడు. గుర్తుంటుందో లేదో ఆమెకు తెలియదు.

సోమవారం అరవింద్ మట్టి నమూనాల కోసం జంగయ్య పొలానికి పోతూ ఆమెను కూడా తీసుకుపోయాడు. విమానాలు దిగే దారికి సరిగ్గా కింద ఉంది పొలం. మాట మధ్యలో విమానం వస్తే జంగయ్య నోరు మూసుకుని, అది పోయాక ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టేవాడు. సొంత భూమి ఎప్పుడో రోడ్డు కింద పోయింది. ఇది కౌలు భూమి. బోదెలు తోలి, డ్రిప్పు పైపులు పరిచి ఉంచాడు. అతని భార్య రుక్కమ్మ పైపు మెలికలు సరిచేస్తూ మాటల్లోకి రాలేదు.

జంగయ్య చేతికర్రతో మట్టిని కెలికాడు. నల్లటి ప్లాస్టిక్ పేలికలు పైకి వచ్చాయి.

"ఇది పోయిన పారి కవరు. దున్నినప్పుడల్లా మొలుస్తది. ఏసిన ఇత్తనంకన్న ఇదే మంచిగ మొలుస్తది."

అరవింద్ నవ్వాడు. జంగయ్య నవ్వలేదు. సకీనా వైపు తిరిగాడు.

"మీ షీటు నడుమనే చినిగిపోదు గద చెల్లె? నారు చెప్పి పెట్టిన. కాయ పట్టినంక అది పోయిందనుకో, టమాట మట్టి మీద పడి మురిగిపోతది. ఈ పారి పంట పోతే నేను ఈ భూమి ఇడిచిపెట్టుడే."

అట్లాంటిది జరగదని అరవింద్ అన్నాడు. కొలతల ప్రకారం ఇది ఆగే రకమే, ఆలస్యంగా కరుగుతోందనే కదా సరుకు మార్చాం అన్నాడు. జంగయ్య విన్నాడు గానీ చూపు సకీనా మీదినుంచి తీయలేదు.

"సార్ చెప్పిండు, ఇన్న. నువ్వు చెప్పు. నువ్వు మనూరి పిల్లవు."

అప్పుడే ఒక విమానం దిగుతోంది. అది పోయేదాకా ముగ్గురూ నిలబడ్డారు. పోయాక సకీనా కారు వైపు నడిచింది. మట్టి సంచులు కారులో పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు సర్వీస్ రోడ్డు మీదికి ఎక్కాక, ముందద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూనే సకీనా అంది. "సార్, మొన్న డబ్బాలో వాసన అన్నరు గద. అది మా ఇంటి వాసన."

అతను కారు పక్కకు ఆపాడు. ఆమె తండ్రి సంగతి, మెట్ల సంగతి, ఫ్యాన్ సంగతి వరసగా చెప్పింది. తానే పిలిచానని కూడా చెప్పింది. అతను స్టీరింగ్ మీద వేళ్లు పెట్టుకుని విన్నాడు. ఎప్పటి నుంచి అని అడిగాడు. మొదటి నుంచీ అంది. అంటే నిర్మల గారికి ఇచ్చిన ప్రతి ఫలితమూ. అతను గట్టిగా ఏమీ అనలేదు. గొంతు ఇంకా తగ్గింది.

"వాసనను నేను నిర్మల గారికి చూపించలేను సకీనా గారూ. అంకె చూపించాలి. ఈ గురువారం ఆయన్ను లోపలికే పిలవండి. ఎప్పుడూ వేసేంత వేయమనండి. ఎందుకో మాత్రం ముందు చెప్పకండి. తెలిస్తే చెయ్యి వెనక్కి లాగుతారు."

అది సబబుగానే ఉంది. పరీక్షంటే అట్లాగే చేయాలి. ఆమె సరేనంది. ఇల్లు చేరేదాకా ఆ సరేను మోసుకుంటూ వచ్చింది.

బుధవారం సాయంత్రం తండ్రికి చెప్పింది. రేపు లోపలికి రమ్మన్నారు, సార్ కూడా ఉంటారు. ఆయన మూడుసార్లు చెప్పించుకుని నిజమే అనుకున్నాక, పెట్టెలోంచి పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల లాల్చీ తీశాడు. ఊళ్లోకి పోయి తెల్లటి లోబాన్ గడ్డలు కొనుక్కొచ్చాడు. మామూలుగా వాడేది దుమ్ములాంటి పొడి. సకీనా ఆ గడ్డలు పక్కకు తీసి పాత పొడి డబ్బాయే సంచిలో పెట్టింది. సార్‌కు ఎప్పుడూ వేసేదే కావాలంట అంది. లోపలికి పిలిచినవాళ్లకు పొడి వేస్తామా అని ఆయన కాసేపు అలిగాడు. తర్వాత, చదువుకున్నవాళ్ల ఇష్టం అని ఊరుకున్నాడు.

మర్నాడు కింద షెడ్డు ముందు బుచ్చయ్య ఆయన్ను ఆపాడు.

"ఏం బాబా, ఇయాల పెండ్లికొడుకు లెక్కున్నవు?"

"పైన దావత్ ఉన్నది," అన్నాడు విలాయత్ అలీ.

అలవాటుగా తలుపు దగ్గరే నిలబడిపోయాడు. రండి బాబా అని అరవింద్ పిలిచాక చెప్పులు విడిచి గడప దాటాడు. బల్ల మీద పళ్లెంలో కొత్తగా పొర చల్లిన చిప్‌లున్నాయి. వాటి పక్కన మూసిన గాజు డబ్బాలో మరికొన్ని, పోల్చి చూడ్డానికి. ఇంకొక చిప్‌ను యంత్రంలో పెట్టి నడుపుతున్నారు, దాని కంపం తెర మీద పచ్చగీతగా సాగుతోంది. ఆయనకు ఇవేవీ చెప్పలేదు. ఆయన నాలుగు మూలలా చూసి, ముందు యంత్రానికి, తర్వాత బల్లకు, తర్వాత అరవింద్‌కు, పెదాలు కదుపుతూ కుంచె ఊపాడు. ఎప్పుడూ ఎట్లా ఊపేవాడో అట్లాగే. పొగ బల్ల మీదుగా ఫ్యాన్ వైపు సాగింది.

పచ్చగీత కొంచెం కిందికి వంగింది. మళ్లీ వంగింది.

తెర మీద ఏదో కదలడం ఆయన కూడా చూశాడు. "అదేంది సాబ్?" అని అడిగాడు.

అరవింద్ ఒక క్షణం సకీనా వైపు చూశాడు. "అది మీ ఊదే, బాబా."

"అందిందా?"

"అందింది."

విలాయత్ అలీ ముఖం విప్పారింది. ఇంత కాలం షెడ్డు షెడ్డుకూ వేశాడు, ఏ యంత్రమూ అందిందని చెప్పలేదు. ఇంకొంచెం పొడి చల్లి ఇంకోసారి ఊపాడు. సకీనా సింక్ వైపు తిరిగి, కడిగిన గాజు పళ్లేలనే మళ్లీ కడిగింది.

ఆయన్ను దింపడానికి కిందిదాకా వచ్చి, అక్కడి నుంచి చౌరస్తా చాయ్ హోటల్ దాకా నడిచింది. ఊదుదాని బల్ల కింద పెట్టుకుని ఆయన చాయ్ సాసర్‌లో పోసుకున్నాడు. ఇంకా రబ్బరు షాపు, బిస్కట్ల షెడ్డు మిగిలాయి. ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"గీత కిందికి పోయింది గద. కిందికి పోతే మంచిదేనా?"

మంచిదే అంటే సరిపోయేది. ఆయన సాయంత్రానికల్లా మరిచిపోతాడేమో కూడా. కానీ ఆయన బేస్తారం సంగతులు మరిచిపోడు. వచ్చే వారం మళ్లీ చెప్పులు విడిచి గడప దాటుతాడు. ఈసారి తెల్ల గడ్డలే తెస్తాడు.

"బరువెక్కితే కిందికి పోతది, అబ్బాజాన్."

"ఏం బరువు?"

"ఊదు బరువు."

ఆయన వంగి బల్ల కిందికి చూశాడు. "ఊదుకు బరువుంటదా?"

ఆ మిషన్‌కు ఉంటది అంది. దండెం మాట చెప్పింది. నిర్మల గారి షీటు, జంగయ్య బోదెలు, తప్పు కొలతల మీద మార్చిన సరుకు, అంతా చెప్పింది. తానే రమ్మన్నానని, తప్పు తనదని రెండుసార్లు చెప్పింది. సాసర్‌లో చాయ్ చల్లారిపోయింది. చివరికి ఒక్కటే అడిగాడు.

"అయితే ఇయాల పిలిచింది గందుకేనా?"

"అవును."

ఆయన తలూపాడు. హోటల్‌వాణ్ని చెంబెడు నీళ్లడిగి నిప్పుల మీద పోశాడు. బుస్సుమని ఆవిరి లేచి, బూడిద లాల్చీ అంచు మీద పడింది. దాన్ని దులుపుకుంటూ, కూతురి వైపు చూడకుండా అన్నాడు.

"ముందే చెప్పొద్దా బేటీ. నేను మంచి లాల్చీ ఏసుకొచ్చిన."

రబ్బరు షాపుకు, బిస్కట్ల షెడ్డుకు ఆ రోజు పోలేదు.

మర్నాడే అరవింద్ నిర్మల గారికి అంకెలు చూపించాడు. పొగ తగిలిన చిప్‌ల మీద పొర దాదాపు అట్లాగే ఉంది, మూసిన డబ్బాలోవి కరగాల్సినట్టే కరిగాయి. ఆమె మొదటి షీటులో తప్పేమీ లేదు. నిర్మల గారు సంతోషపడాల్సింది, కానీ అప్పటికే కొత్త సరుకు కలిపేశారు. పోయిన కాలాన్ని తలచుకుని ఆమె చాలా మాటలన్నారు. సకీనాను ఉద్దేశించి కూడా అన్నారు. అరవింద్ అడ్డుపడలేదు, వంత పాడలేదు. కలిపిన సరుకు పక్కన పడేసి పాత పాళ్లతోనే చుట్టలు చేశారు. అవి జంగయ్య పొలానికి ఆలస్యంగా చేరాయి. నారు కాస్త ముదిరింది. అయినా నాటారు. షీటు కోతదాకా నిలుస్తుందా, ఆ తర్వాత నేలలో కలుస్తుందా అనేది ల్యాబ్ చెప్పింది. పొలం ఇంకా చెప్పలేదు.

ల్యాబ్‌లో తలుపు సందుకు రబ్బరు పట్టీ వేశారు. సకీనాకు అరవింద్ కొత్త కోటు తెచ్చి ఇచ్చి, చాలా ఇబ్బందిపడుతూ, వేసుకొచ్చిన బట్టలు బయటి గదిలోనే మార్చుకోగలరా అని అడిగాడు. ఆమె అప్పటికే ఆ సంగతి ఆలోచించి పెట్టుకుంది.

తర్వాతి బేస్తారం తండ్రి వస్తాడో రాడో అని ఆమె పై కిటికీ దగ్గర నిలబడింది. వచ్చాడు. పాత చొక్కా వేసుకున్నాడు. బుచ్చయ్య షెడ్డు ముందు రోడ్డు మీదే ఆగి, లోపల నాజూకు సామాన్ ఏమన్న ఉన్నదా అని అడిగాడు. లేత్‌లు, డ్రిల్లులు తప్ప ఆ షెడ్డులో ఏమీ ఉండవని ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు. బుచ్చయ్య నవ్వి, "ఇనుముకు ఏమైతది బాబా? లోపలికి రా," అన్నాడు. ఆయన రాలేదు. రోడ్డు మీంచే కుంచె ఊపాడు. గాలి అటు వీస్తోంది, పొగ లారీల వైపు పోయింది. బుచ్చయ్య కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయాడు. రబ్బరు షాపు ముందు కూడా ఆయన అదే అడగడం ఆమెకు కనిపించింది. షాపతను ఫోన్‌లో ఉన్నాడు. వచ్చే వారం అన్నట్టు చెయ్యి ఊపాడు. విలాయత్ అలీ అక్కడ ఇంకొంచెం సేపు నిలబడి, రోడ్డు దాటాడు.

ప్రతి బేస్తారం సాయంత్రం ఆఖరి ఊదు ఇంట్లో వేసేవాడు. సకీనా తల్లి ఉన్నప్పటి నుంచీ అదే అలవాటు. వాకిలి, వంటిల్లు, పరుపులు, బట్టల అలమారా, చివరికి ఇంట్లోవాళ్ల తలల మీదుగా కుంచె తిప్పేవాడు.

ఆ రోజు సకీనా తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది. ఇంట్లో ఏదో వాసన. మురుగుకాలువ వాసన, తడి గోడ వాసన, పొద్దుటి బగారా అన్నంలో నూనె వాసన. ఎవరో పరాయివాళ్ల ఇంటికి వచ్చినట్టుంది. మెల్లగా అర్థమైంది. ఊదు లేకపోతే తమ ఇల్లు ఇట్లా ఉంటుందన్నమాట.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఊదుదాని తోమి గూట్లో బోర్లించి ఉంది. ఇంట్లో వేయలేదా అని అడిగింది.

"నీ బట్టలకు పడుతది. నువ్వు ఆడికి పోవాలె గద."

ఫర్వాలేదని, అక్కడ బట్టలు మార్చుకుంటానని, కోటు ఇచ్చారని చెప్పింది. వేయమని అడిగింది. తానే నిప్పులు తెస్తానంది. ఆయన వినిపించుకున్నట్టే ఉన్నాడు గానీ లేవలేదు. అలమారా వైపు చూపించాడు. ఆమె తెరిచింది. ఆమె పనికి వేసుకుపోయే బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి, ఒక పెద్ద ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉన్నాయి. కవరు మూతి గట్టిగా ముడివేసి ఉంది.

సకీనా ఆ ముడి విప్పడానికి కూర్చుంది. సున్నం పని చేసిన చేతుల ముడి. ఎంతకూ రాలేదు.